పండు పండులా ఉంటే పరువేముంది?

పండును పండులా తినడం అనాగరికం!

ఈ మాట అన్నందుకు మీలో కొందరు నా మీద అరటితొక్కలు విసురుతారని తెలుసు. విసరండి. కాకపోతే విసిరే ముందు ఆ తొక్కని ఎనిమిది కాళ్ల ఆక్టోపస్ ఆకారంలో చీల్చండి. అప్పుడు మీరూ మా జట్టులో చేరిపోయినట్టే.

మన చిన్నప్పుడు ఏం జరిగేది? తలుచుకుంటేనే తల కొట్టేసినట్టుంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు చేతిలో ఓ యాపిల్ పెట్టి, "ఇది తిని అఘోరించు" అనేవాళ్లు. మనం దాన్ని చొక్కాకి తుడుచుకుని, కొరుక్కుంటూ వీధిలోకి పరిగెత్తేవాళ్లం. ఒక ప్లానా? ఒక డిజైనా? ఆ యాపిల్‌కి కళ్లున్నాయా, చెవులున్నాయా అని ఒక్కరోజైనా ఆలోచించామా? తోక సంగతి అడగనే అడక్కండి. అసలు తింటున్నది ఏ జంతువో కూడా తెలియకుండానే తినేసి పెద్దవాళ్లమైపోయాం. ఇదిగో, అందుకే ఇలా తగలడ్డాం.

ఇప్పటి పిల్లలు పెట్టిపుట్టారు. మా అమ్మాయినే తీసుకోండి. రెండో తరగతి చదువుతోంది. వాళ్ల స్కూల్లో ప్రతి శుక్రవారం 'ఫ్రూట్ ఫన్' అని ఓ కార్యక్రమం. పిల్లలు ఇంట్లో అమ్మానాన్నలతో కలిసి పళ్లతో ఏదో ఒక జంతువుని చేసి, డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్లాలి. పొద్దున ఎనిమిదిలోపు దాని ఫొటో ఫోన్లో క్లాసు గ్రూపులో పెట్టాలి. సర్క్యులర్‌లో 'సరదాగా' అన్న మాట మూడుసార్లు కనబడింది. నేను ఆదివారాలు మీకోసం కాలమ్ రాసే మేధావినే అయినా, మిగతా ఆరు రోజులూ ఒక ఆఫీసులో వంతెనల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇరవై ఏళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది ఒక్కటే. ఏ కాగితంలోనైనా ఒకే మాట మూడుసార్లు వచ్చిందంటే అక్కడ జాగ్రత్తగా అడుగేయాలి.

అయినా మొదటి శుక్రవారం నేను జాగ్రత్తపడలేదు. మా అమ్మాయి పొద్దున్నే లేచి, వంటింట్లో స్టూలెక్కి, తనే ఓ కమలాపండు ఒలిచింది. తొనలన్నీ ప్లేటులో కుప్పగా పోసి, దాని మీద రెండు ఎండుద్రాక్షలు పెట్టింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"కుక్క. పడుకుంది" అంది.

"మరి కాళ్లేవీ?"

"కిందకి ముడుచుకుంది నాన్నా. దానికి చలేస్తోంది."

నేను నవ్వేసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టేశాను. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పుల జాబితాలో దానిది మొదటి స్థానం.

రెండు నిమిషాల్లో మా కుక్క కింద మరో ఫొటో వచ్చింది. పుచ్చకాయ ఏనుగు! తొండం ఎత్తి నిలబడి ఉంది. చెవులు విసనకర్రల్లా పల్చగా ఉన్నాయి. కాళ్లకి బాదంపప్పు ముక్కలతో గోళ్లు కూడా పెట్టారు. పంపినాయన ఇళ్లకి టైల్స్ వేసే మేస్త్రి. ఆయన కూతురు మా అమ్మాయి పక్కనే కూర్చుంటుంది. ఫొటో కింద ఒకే ఒక్క వాక్యం: 'మా పాపే చేసింది, నేను పక్కన నిలబడ్డానంతే.'

ఆ ఏనుగుకి ముప్ఫైమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. మా కుక్కకి ఒకే ఒక్క బొటనవేలు వచ్చింది. ఎవరబ్బా మనల్ని గుర్తించిన రసజ్ఞులు అని చూస్తే, మా ఆవిడ!

అప్పుడు అర్థమైంది నాకు. అవి పళ్లు కావు, మా వంశం పరువు. వంతెన కట్టగలిగినవాడికి ఒక ముక్కుపుడకంత జంతువు చేయడం రాదా? ఊరుకుంటామా?

ఆ మరుసటి గురువారం ఆఫీసులోనే హంస ప్లాన్ గీశాను. పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది, నిలువునా కోస్తే ఎలా ఉంటుంది అని మూడు బొమ్మలు. మెడ వంపు దగ్గర కోణం కూడా రాశాను. మా ఆఫీసరు భుజం మీదుగా తొంగిచూసి, "ఇది ఏ నది మీద?" అని అడిగాడు.

"యాపిల్ మీద సార్" అన్నాను.

ఆయనకీ చిన్నపిల్లలున్నారు. ఇంకేమీ అడక్కుండా, "నెక్ దగ్గర సపోర్టు ఇవ్వు, విరుగుతుంది" అని వెళ్లిపోయాడు.

విరిగింది కూడా. ఒక్క హంసకి నాలుగు యాపిళ్లు పట్టాయి. కొండని తవ్వి ఎలుకని పట్టారని జనం వెక్కిరిస్తుంటారు. నాకు తెలియక అడుగుతాను, ఎలుకంటే అంత తేలికా అండీ? చెవులు గుండ్రంగా రావాలి, తోక సన్నగా రావాలి, మీసాలు రెండువైపులా సమానంగా ఉండాలి. ఆ సామెత పుట్టించినవాడు జన్మలో ఒక్క ద్రాక్షపండుకైనా మీసాలు పెట్టి ఉండడు. ఇంకో సామెత ఉంది, వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని. మా వ్యవహారంలో అదీ నష్టం కాదు. కోతి కూడా జంతువే కాబట్టి ఫొటో తీసి పెట్టేస్తాం.

ఇక దీనివల్ల కలిగే లాభాలు చెప్తాను, వినండి.

ముందుగా ఆరోగ్యం. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. ఆవిడ ఇంతకుముందు పళ్ల జోలికి పోయేవారు కాదు. ఇప్పుడు విరిగిన మెడలు, వంకర రెక్కలు, లెక్కతప్పిన కాళ్లు అన్నీ ఆవిడ ప్లేటులోకే వెళ్తున్నాయి. రెండు నెలల్లో ఆవిడ ముఖంలో ఎంత తేజస్సు వచ్చిందో! మొన్న నన్ను పిలిచి, "అల్లుడుగారూ, ఈ వారం నాకు చెవులొద్దు, నమల్లేకపోతున్నాను. ఏదైనా మెత్తటి భాగం మిగిలితే పెట్టండి" అన్నారు. ఏ డాక్టరు చెబితే ఆవిడ అడిగి మరీ పండు తిన్నారు చెప్పండి?

తర్వాత కుటుంబ ఐక్యత. ఒకప్పుడు పొద్దున్నే తలా ఓ మూల కూర్చుని ఎవరి ఫోన్లు వాళ్లం చూసుకునేవాళ్లం. ఇప్పుడు శుక్రవారం ఐదింటికల్లా అందరం ఒకే వంటింట్లో, ఒకే బల్ల చుట్టూ నిలబడి, ఒకరి మీద ఒకరం అరుచుకుంటున్నాం. మా ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సు. నేను చెయ్యి చాపితే చాకు, మళ్లీ చాపితే పుల్ల, మళ్లీ చాపితే నిమ్మరసంలో ముంచిన దూది. ఎంత చక్కటి దాంపత్యం! పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ నేను చెయ్యి చాపగానే ఏదైనా అందించడం అదే మొదలు. ఒకసారి నేను బేరిపండు నెమలి మెడ దగ్గర చాకు పెట్టగానే అలవాటు కొద్దీ, "దీని తాలూకువాళ్ల చేత సంతకం పెట్టించారా?" అని అడిగింది.

ఇక సృజనాత్మకత గురించి చెప్పాలంటే మా గ్రూపు చూడాలి మీరు. ఒకావిడ కివీ పళ్లతో తాబేళ్ల సంసారం పంపింది. తల్లి తాబేలు, తండ్రి తాబేలు, ఇద్దరు పిల్లలు, ఓ పక్కన అలిగి కూర్చున్న బావమరిది తాబేలు. ఒకాయన అరటిపండుతో ఒంటెని చేసి, ఒంటె కింద నీడ కూడా పరిచాడు, నల్లద్రాక్షతో. మేస్త్రీగారైతే వారానికో ఖండం చుట్టబెడుతున్నారు. ఏ ఫొటో కిందైనా వాక్యం ఒకటే: 'మా పాపే చేసింది', 'మా బాబే చేశాడు'. నేనూ రాశాను. అబద్ధం దేనికి, మొదటిసారి రెండుసార్లు కొట్టి చెరిపేశాను. మూడోవారానికి 'మా' అని కొట్టగానే మిగతా వాక్యం ఫోనే పూర్తిచేసేది.

మరి పిల్లలకేం లాభం అంటారా? అక్కడికే వస్తున్నాను. అసలు ఇదంతా వాళ్లకోసమే కదా!

పిల్లలకి ఓర్పు అలవడుతుంది. మొదట్లో మా అమ్మాయికి పుల్లలందించే ఉద్యోగం ఇచ్చాం. మూడోవారం నెమలి తోకలోంచి మూడు ద్రాక్షపళ్లు మాయమయ్యాయి. విచారణ జరిపాం. నిందితురాలి బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. ఆ క్షణమే ఉద్యోగంలోంచి తీసేశాం. అప్పటినుంచి స్టూలు మీద చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుని, మేం చేసేది బుద్ధిగా చూస్తుంది. కలిసి చేయడమంటే అదే మరి!

కొన్నాళ్లు, "నాన్నా, ఒక్క కన్ను నేను పెట్టనా?" అని అడిగేది.

"కన్ను చాలా ముఖ్యం తల్లీ, కదిలిపోతుంది. ఫొటో అయ్యాక పెడుదువుగాని" అనేవాణ్ణి.

ఫొటో అయ్యాక కన్ను పెట్టడానికి చోటెక్కడ ఉంటుంది? ఈ సంగతి దానంతట అదే కనిపెట్టి అడగడం మానేసింది. చూశారా, తర్కశాస్త్రం కూడా వచ్చేసింది.

క్రమశిక్షణ సంగతి సరేసరి. స్కూల్లో ముప్ఫై డబ్బాలూ వరసగా పేర్చి ఫొటో తీసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఒక జిరాఫీ పక్కకి ఒరుగుతుంది, దాన్ని నిలబెట్టేలోపు ఒక చేప జారుతుంది. ఫొటో అయ్యేసరికి బెల్లు కొట్టేస్తారు. మా హంస సాయంత్రం ఒక్క ఈక రాలకుండా క్షేమంగా ఇంటికి తిరిగొచ్చింది. వెళ్లేటప్పుడు తెల్లటి హంస, వచ్చేటప్పటికి రంగు తిరిగి గద్ద. ఒకే యాపిల్‌లో రెండు పక్షులు, ఇంకేం కావాలి?

కొన్ని వారాలకి, ఓ శుక్రవారం మా అమ్మాయి బడి నుంచి రాగానే సంచీ పడేసి, ఆకలేస్తోందని రెండు రొట్టెముక్కలు గబగబా తినేసింది.

"డబ్బాలో పండు ఉందిగా, అదెందుకు తినలేదమ్మా?" అన్నాను.

"అది తినేది కాదు నాన్నా. చూపించేది" అంది.

ఏడేళ్లకే ఎంత స్పష్టత! నాకు నలభై దాటినా లేదు. నేను మురిసిపోయాను. మా ఆవిడ మాత్రం మురవలేదు. థియేటర్లో ఎన్ని కోతలు చూసినా చెక్కుచెదరని మనిషి, ఆ సాయంత్రం ముఖం చిన్నబుచ్చుకుని నా పక్కకొచ్చి కూర్చుంది.

"ఇది పళ్లు తినడం మానేసింది, గమనించారా? నిన్న అరటిపండు చేతిలో పెడితే బల్లమీద పెట్టి, ఫొటో తీశారా అని అడిగింది. తీయలేదంటే ముట్టుకోలేదు. ఇంతకుముందు కమలాపళ్లు దాచిపెట్టాల్సొచ్చేది దీని దగ్గర" అంది.

నేను గమనించలేదు. నాకు ఆ వారం జిరాఫీ ఉంది.

ఇలా అన్నీ సవ్యంగా జరుగుతుండగా క్లాసు టీచరమ్మ కొంప ముంచింది. ఎలాగంటారా? మమ్మల్ని నమ్మింది! ఓ మంగళవారం గ్రూపులో ఇలా రాసింది: 'మన పిల్లల చేతుల్లో ఇంత కళ ఉందని నేను ఊహించలేదు. ఈ శుక్రవారం వాళ్లు క్లాసులో, మీ ఎదురుగానే, సొంతంగా చేస్తారు. పళ్లు, ప్లాస్టిక్ చాకులు స్కూలు ఇస్తుంది. పెద్దవాళ్లు వెనక బెంచీల్లో కూర్చుని చూసి ఆనందించవచ్చు.'

ఆ రోజు గ్రూపులో ఒక్క చప్పట్ల బొమ్మ కూడా రాలేదు. తాబేళ్లావిడ ఒక్కతే, 'ఆ రోజు మావాడికి జ్వరం రావచ్చు' అని పెట్టి, వెంటనే తీసేసింది.

శుక్రవారం అందరం వెళ్లాం. అవి రెండో తరగతి బెంచీలు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. నా పక్కన మేస్త్రీగారు కూర్చున్నారు. అప్పటిదాకా ఒకరి జంతువుల ద్వారా ఒకరం ఎరుగుదుమే తప్ప ముఖాలు చూసుకోలేదు. ఆయన చేతుల మీద సిమెంటు మరకలు ఇంకా ఆరలేదు. పని మధ్యలో వచ్చినట్టున్నారు. "మీ నెమలి బాగుందండీ" అన్నారు మెల్లగా. "మీ ఏనుగు ముందు దిగదుడుపేనండీ" అన్నాను. తర్వాత ఇద్దరం నేల చూశాం.

ముందు ముప్ఫైమంది పిల్లలు. ఒక్కొక్కరి ముందు ఓ ప్లేటు. ప్లేట్లో ఒక అరటిపండు, ఒక కమలాపండు, నాలుగు ద్రాక్షపళ్లు, ఒక పుచ్చకాయ ముక్క.

"ఊఁ, మొదలుపెట్టండి పిల్లలూ" అంది టీచరమ్మ.

అప్పుడు జరిగింది చెప్తే మీరు నమ్మరు. ముప్ఫైమంది పిల్లలూ, ఎవరో కవాతు చేయించినట్టు, చేతులు వెనక్కి కట్టుకున్నారు. కట్టుకుని, తలలు తిప్పి మా బెంచీల వైపు చూశారు. మేం లేచి వచ్చి చేస్తామని ఎదురుచూస్తున్నారు.

అంటే మా అమ్మాయి ఒక్కదానిదే కాదన్నమాట, ఆ క్లాసులో అందరి ఉద్యోగాలూ పోయాయి.

ఎవరూ కదల్లేదు. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లుగా ఈ కాలమ్‌లో నేను వెటకారానికి సిగ్గుపడినట్టు నటిస్తూ వచ్చాను కాబట్టి మీరు నమ్మకపోవచ్చు, కానీ ఇది అది కాదు. మా అమ్మాయి రెండు చేతులూ వెనకాల ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మేస్త్రీగారు జేబులోంచి చేతిరుమాలు తీసి ఊరికే ముఖం తుడుచుకున్నారు.

"మీవేనమ్మా అవి. మీ ఇష్టం" అంది టీచరమ్మ.

మా అమ్మాయి ఒక చేతిని మెల్లగా ముందుకి తెచ్చి, పైకెత్తింది.

"టీచర్, ఫొటో ఉందా?"

"లేదమ్మా."

"అయితే తినొచ్చా?"

"తినొచ్చు."

ఇక చూస్కోండి. చాకుల్ని ముట్టుకున్నవాడు లేడు. మా అమ్మాయి అరటిపండు ఒలిచి, పైభాగం ఓ పెద్ద ముక్క కొరికి, మిగిలిన మొండెం ప్లేట్లో నిలబెట్టి, నిండు నోటితోనే పక్కపిల్లకి చూపించింది. "ఇది పెంగ్విన్. దీని తల నా నోట్లో ఉంది." ఆ పక్కపిల్ల, అదే మేస్త్రీగారి పాప, పుచ్చకాయ ముక్కకి రెండు వేళ్లతో రెండు కన్నాలు పొడిచి, "ఇది దెయ్యం" అంది. దెయ్యం జంతువుల కిందకి రాదని చెప్పడానికి మేస్త్రీగారు లేవబోతుంటే, చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. ఓ బుడతడు ద్రాక్షపండుని 'చీమగుడ్డు' అని ప్రకటించి మింగేశాడు. ఇంకొకడు చేప చేస్తానని మొదలుపెట్టి, చేప పూర్తవకముందే చేపని పూర్తిచేశాడు. జ్వరం రావాల్సిన తాబేళ్లావిడ కొడుకు రెండో ప్లేటు అడిగాడు. మోచేతుల దాకా రసం, బెంచీల మీద తొక్కలు, ఒకళ్ల వేళ్లు ఒకళ్ల ప్లేట్లలో. పావుగంటలో ఆ గదిలో ఒక్క జంతువు బతికి లేదు.

అంత గట్టి నవ్వు నేను మా వంటింట్లో ఒక్క శుక్రవారం కూడా వినలేదు.

తిరిగొస్తుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యంతా జిగట. కాసేపు నడిచాక తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

"పాపం నాన్నా, టీచర్ నీకేం ఇవ్వలేదు కదా చెయ్యడానికి" అంది.

నిజమే, ఇవ్వలేదు. నేను ఆ రోజు తెల్లవారుజామునే లేచి కొత్త చాకు నూరి, జేబులో పెట్టుకుని మరీ వెళ్లాను. ఎవరూ పిలవలేదు.

కాబట్టి స్కూలు యాజమాన్యానికి ఈ కాలమ్ ద్వారా నా విన్నపం. 'ఫ్రూట్ ఫన్' ఆపవద్దు. దాన్ని నమ్ముకుని కొన్ని జీవితాలున్నాయి. కాకపోతే ఒక చిన్న మార్పు చేయండి. పిల్లల్ని ఇందులోంచి పూర్తిగా మినహాయించండి. వాళ్లకి కొలతలు తెలియవు, కోణాలు తెలియవు, చప్పట్ల బొమ్మల విలువ అసలే తెలియదు. పండు కనబడితే నోట్లో పెట్టుకునే రకం. వాళ్లని బయట ఎక్కడైనా దుమ్ములో దొర్లుకోనివ్వండి. శుక్రవారం శుక్రవారం డబ్బాలు పట్టుకుని మేమే వస్తాం. ఆ చిన్న బెంచీల్లోనే సర్దుకుని కూర్చుంటాం. బాగా చేసినవాళ్ల చేతిమీద స్టార్ వేయండి, చాలు. మేస్త్రీగారు ఇప్పటికే ఒప్పుకున్నారు, ఆయన ఈ వారం ఖడ్గమృగం మొదలుపెట్టారట. నేను మొసలి అనుకుంటున్నాను.

మీరే చెప్పండి, పెద్దవాళ్లం ఇంత బుద్ధిగా ఆడుకుంటుంటే మధ్యలో పిల్లలెందుకు?